అంకయ్య ఎంచుకున్న ఆసనం

పూర్వం ఒక రాజుగారు, చూపులేనివారికి ఆస్థానంలో పాటకచేరీ ఉచితమని చాటించారు. అది విని చూపులేని అంకయ్య, భార్య సూరమ్మ చెయ్యి పట్టుకుని సంబరంగా వచ్చాడు.

ద్వారం దగ్గర అధికారి అడ్డుపడ్డాడు. "ఉచితం నీకే. ఆవిడకు కళ్ళున్నాయిగా, రుసుము కట్టాల్సిందే!"

"నాకున్న కళ్ళు కూడా అవేనయ్యా!" అన్నాడు అంకయ్య. అధికారి వినలేదు.

సరేనని అంకయ్య ఒక్కడే లోపలికి వెళ్ళి, ఆసనాలన్నీ తడిమి, అన్నిటికన్నా మెత్తనిదాంట్లో హాయిగా కూర్చున్నాడు. అంతలో రాజుగారు వచ్చారు.

"ఓరి, అది ప్రభువుల సింహాసనం! లే!" అంటూ అధికారి ద్వారం దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఆ సంగతి నాకు చెప్పాల్సిన మనిషిని తమరే బయట ఆపేశారు కదండీ!" అన్నాడు అంకయ్య.

రాజుగారు పకపకా నవ్వి, సూరమ్మను లోపలికి పిలిపించారు. మర్నాడే, తోడొచ్చేవారికీ ఉచితమేనని మళ్ళీ చాటింపు వేయించారు.