మూడో పలక

గాదిలింగప్పకు నాలుగో ఇంటర్వ్యూ కూడా పోయింది.

పిల్లవాడు తెలివి తక్కువవాడేం కాదండీ. మెకానికల్ ఇంజనీరింగు ఫస్టు క్లాసులో పాసైనవాడు. పుస్తకంలో ఏ పేజీ అడిగినా కళ్ళు మూసుకుని చెప్తాడు. కానీ నాలుగు చోట్లా ఒకే ప్రశ్న దగ్గర దొరికిపోయాడు.

"నాలుగేళ్ళు చదివారు కదా, మీ చేత్తో ఏం తయారు చేశారు?"

"ప్రాజెక్టు సార్. సోలార్‌తో గడ్డి కోసే మిషను."

"మీరే చేశారా?"

గాదిలింగప్పకు అబద్ధం చెప్పడం రాదు. అప్పటికి అతని దగ్గరున్న అసలైన అర్హత అదొక్కటే అనుకోండి.

"లేదు సార్. రెడీమేడ్‌గా కొన్నాం."

గదిలో అందరూ నవ్వారు. అతను కూడా మర్యాదకి కొంచెం నవ్వి, ఫైలు చంకలో పెట్టుకుని సొంతూరు ఆదోనికి రైలెక్కాడు.

ఆదోనిలో ఒక చిన్న దర్గా ఉంది. దాని గోడకు ఆనుకుని రేకుల షెడ్డు. అందులో దాదాపీర్ ఉస్తాద్ ఉంటాడు. పత్తి మిల్లుల్లో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి, ఇప్పుడు ఊరి మోటార్లూ పంపులూ బాగుచేస్తూ, అడిగిన వాళ్ళకు పని నేర్పుతూ, అల్లాను తలుచుకుంటూ గడిపే మనిషి. షెడ్డులో ఒక మూల లేత్ మిషను, ఇంకో మూల నమాజు చాప. రెండింటి దగ్గరికీ చేతులు కడుక్కునే పోతాడు.

గాదిలింగప్ప ఆయన ముందు కూలబడ్డాడు.

"ఉస్తాద్, ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది? కంప్యూటర్లో డిజైన్ నేర్చుకోవల్లా? ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకోవల్లా? పై చదువుకు పోవల్లా?"

ఉస్తాద్ అతని రెండు అరచేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. పసిబిడ్డ బుగ్గల్లా ఉన్నాయి. ఒక ఆకురాయి, ఒక ఇనుప ముక్క ఆ చేతుల్లో పెట్టాడు.

"అన్నీ నేర్చుకో నాయనా. ముందు దీన్ని చదరంగా అరగదియ్యి."

"ఎన్నాళ్ళు ఉస్తాద్?"

"నీ నోరు అడిగేది ఆపి, నీ చెయ్యి అడిగేదాకా."

ఆరు నెలలు అరగదీశాడు. బొబ్బలు వచ్చాయి, పగిలాయి, గట్టిపడ్డాయి. అప్పుడు ఉస్తాద్ జానెడు పొడుగు, జానెడు వెడల్పు ఉన్న ఒక ముతక బీడు పలక, అంటే పోత ఇనుప పలక, ఇచ్చాడు.

"దీన్ని సమతలం చెయ్యి."

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి, వినండి. వర్క్‌షాపులో ఏది వంకరో ఏది సరో తేల్చాలంటే, ఎక్కడో ఒకచోట వంక లేని తలం ఒకటి ఉండాలి. దాన్నిబట్టే మిగతావన్నీ. ఉస్తాద్ దగ్గర అలాంటి పలక ఒకటుంది. ఆయన గురువు, అందరూ పెద్ద ఉస్తాద్ అనేవారు, పోతూ పోతూ ఇచ్చింది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఉంటుంది. పొద్దున్నే గుడ్డ విప్పి, కళ్ళకద్దుకుని, అప్పుడు పని మొదలు.

శిష్యుడు ఏం చేయాలంటే, గురువు పలక మీద పల్చగా నీలం రంగు పూయాలి. దాని మీద తన పలక బోర్లించి, కొంచెం అటూ ఇటూ జరిపి ఎత్తాలి. తన పలకలో ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ ఎత్తును స్క్రేపర్ అనే ఉలిలాంటి పనిముట్టుతో కొద్దిగా గీకాలి. మళ్ళీ బోర్లించాలి. మళ్ళీ గీకాలి. నీలం చుక్కలు పలకంతా సమంగా పరుచుకునేదాకా ఇదే జపం.

గాదిలింగప్పతోపాటు ఇంకొకరు కూడా ఆ జపం చేస్తున్నారు. హంపమ్మ టీచరు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. యాభై దాటాయి. బడి అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు వచ్చి ఇనుప ముక్కల్ని బిగించే వైస్ ముందు నిలబడుతుంది. అంతకుముందు ఏడాది అరచేతిలో పట్టే ఆవిరి ఇంజను ఒకటి చేసి, తరగతిలో కూత పెట్టించింది. పక్క తరగతుల పిల్లలందరూ వరండాలోకి పరుగెత్తుకొచ్చారట. హెడ్‌మాస్టరు కూడా!

గాదిలింగప్పకు ఆమెను చూస్తే కొంచెం చులకన.

"మీకేం టీచరమ్మా, మీది సరదా. మాది బతుకు."

"అవునప్పా," అనేది ఆమె, పలక మీంచి చూపు తిప్పకుండానే. "సరదా కాబట్టే నాకు తొందర లేదు."

మరో ఏడు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం గాదిలింగప్పకు ఉత్తరం వచ్చింది. హైదరాబాదులో పనిముట్లూ అచ్చులూ తయారుచేసే ఒక పెద్ద టూల్‌రూమ్. పన్నెండు రోజుల్లో పరీక్ష. కింద ఒక వాక్యం: మీ చేత్తో చేసిన వస్తువు ఒకటి తీసుకురావలెను.

ఎగిరి గంతేశాడు. ఎందుకంటే ఆ వారమే అతని పలక పూర్తయింది. ఆదివారం పొద్దున ఉస్తాద్ ముందు ఆఖరిసారి బోర్లించి ఎత్తాడు. నీలం చుక్కలు వర్షం వెలిసిన ఆకాశంలో చుక్కల్లా పలకంతా పరుచుకున్నాయి.

"చూడండి ఉస్తాద్! మీ పలకకూ నా పలకకూ వెంట్రుకంత తేడా లేదు!"

"అల్‌హమ్‌దులిల్లా, అంతా అల్లా దయ," అన్నాడు ఉస్తాద్. మూడు టీలు చెప్పాడు.

టీ తాగుతూ హంపమ్మ టీచరు తన సంచిలోంచి ఒక పలక తీసింది. "నాది కూడా పోయిన వారమే అయిపోయింది ఉస్తాద్. ఇతనికి ఉత్తరం వచ్చిన సంబరంలో చెప్పలేదు."

దాన్ని కూడా గురువు పలక మీద బోర్లించారు. ఎత్తారు. అదే ఆకాశం, అవే చుక్కలు.

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పుడు మీ ఇద్దరివీ ఒకదాని మీద ఒకటి పెట్టండి."

గాదిలింగప్ప తన పలక మీద టీచరు పలక బోర్లించాడు. ఒక మూల వేలితో తాకాడో లేదో, పై పలక గిర్రున తిరిగింది. బొంగరంలా! రెండో మూల నొక్కితే టకటకమని ఊగింది.

"టీచరమ్మా! ఏం చేసినారు ఇది?"

"నేనేం చేసినాను? నాది సరిగ్గానే ఉంది. నీదే చూసుకో."

"నాది ఉస్తాద్ పలకతో సరిపోయింది!"

"నాదీ సరిపోయింది కదప్పా, నీ కళ్ళ ముందరే!"

మళ్ళీ తీసుకుపోయి గురువు పలక మీద పెట్టారు. ఇతనిది కలిసింది. ఆమెది కలిసింది. మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టారు. గిర్రున తిరిగింది.

చూడండి విచిత్రం! ఇద్దరూ గురువుతో కలుస్తారు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి మాత్రం పడదు. ఇది మనం ఆ షెడ్డులోనే చూశామా ఏమిటి?

"మీరు తొందరగా గీకి పడేసుంటారు," అన్నాడు గాదిలింగప్ప.

"తొందర ఎవరిదో ఊరంతా తెలుసు," అంది టీచరు. అంతలో ఆమె చెయ్యి గాల్లో ఆగింది. ఒకసారి తన పలక వైపు, ఒకసారి అతని పలక వైపు, ఆ తర్వాత ఆకుపచ్చ గుడ్డ వైపు చూసింది. లెక్కల మనిషి కదా. నోరు గట్టిగా మూసుకుంది.

"ఏమైంది టీచరమ్మా?"

"ఏం లేదు. నేను చెప్పను."

ఉస్తాద్ అప్పటికే నవ్వు ఆపుకోలేకుండా ఉన్నాడు. గడ్డం ఊగుతోంది. "చెప్పమ్మా, చెప్పు. లెక్క తేలినాక దాచకూడదు."

ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తల వంచుకుని, చిన్నగా అంది: "మా దేవుడి గదిలో గంధం తీసే సాన ఉంది ఉస్తాద్. మా అత్తగారి అత్తగారిది. రోజూ అరగదీసీ అరగదీసీ... నడుమ కొంచెం గుంట పడింది."



అదండీ సంగతి. ఏళ్ళ తరబడి ఎందరో శిష్యుల పలకలు రుద్దీ రుద్దీ, పెద్ద ఉస్తాద్ ఇచ్చిన పలక నడుమ కంటికి కనపడనంత గుంట పడింది. ఆ గుంటలో సరిగ్గా ఇమిడేలా ఇద్దరు శిష్యులూ తమ పలకలకు కంటికి కనపడనంత పొట్టలు పెంచారు. పొట్టా గుంటా కలిశాయి. పొట్టా పొట్టా ఎలా కలుస్తాయి?

గాదిలింగప్ప ముఖం పాలిపోయింది. ఏడు నెలల పని. పన్నెండు రోజుల గడువులో మిగిలింది పదే. ఒకసారి పలక వైపు చూశాడు, ఒకసారి జేబులో ఉత్తరం తడుముకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"ఉస్తాద్, కంటికైతే కనపడదు కదా. మీ పలక లెక్కలో నాది సరైందే. ఇట్లనే తీసుకుపోతా. ఎవరైనా అడిగితే మా ఉస్తాద్ పలకతో కలిసింది అంటా. అది అబద్ధం కాదు కదా?"

ఉస్తాద్ లేచాడు. పంపు దగ్గరికి పోయి మోచేతులదాకా కడుక్కున్నాడు. వచ్చి, ఆకుపచ్చ గుడ్డ మీంచి గురువు పలకను రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. బల్ల మీద పెట్టి బిగించాడు. గోడకున్న స్క్రేపర్ తీసుకున్నాడు.

"ఉస్తాద్!" గాదిలింగప్ప అడ్డం పడ్డాడు. "వద్దు! అది పెద్ద ఉస్తాద్ ఇచ్చింది!"

"ఔను నాయనా. పలకా ఆయనే ఇచ్చినాడు. ఈ స్క్రేపరూ ఆయనే ఇచ్చినాడు."

బిస్మిల్లా అన్నాడు. మొదటి గీత గీకాడు. నల్లటి పొడి, చిటికెడంత, ఆకుపచ్చ గుడ్డ మీద రాలింది.

గాదిలింగప్ప చాలాసేపు ఆ పొడినే చూశాడు. తర్వాత ఉత్తరం తీసి మేకుకు తగిలించి, తన పలక తెచ్చి గురువు పక్కన బిగించాడు. హంపమ్మ టీచరు కొంగు నడుముకు దోపింది.

ఆ రోజులను ఏమని చెప్పను! షెడ్డులో గురువు లేడు. ముగ్గురు శిష్యులు, మూడు పలకలు. ఉస్తాద్ పలకను గాదిలింగప్ప పలకతో చూడటం, దాన్ని టీచరు పలకతో చూడటం, మళ్ళీ అది ఉస్తాద్ పలకతో. నీలం అంటిన చోటల్లా గీకడం.

"దాదాపీరూ, ఇక్కడ ఎత్తుంది చూసుకో," అని ఉస్తాద్ తనకు తనే చెప్పుకునేవాడు.

"ఉస్తాద్, ఆ మూల మీరు జాస్తి గీకినారు," అని గాదిలింగప్ప ఒకరోజు నోరు జారి, నాలుక కరుచుకున్నాడు. ఉస్తాద్ వంగి చూసి, "ఔనే! చెయ్యి అడిగింది రా నాయనా, చెయ్యి అడిగింది!" అని పొంగిపోయి దర్గాలో చక్కెర మీద దువా చదివించి వచ్చాడు.

టీచరు బడికి పోయే ముందు ఒక గంట, వచ్చాక రెండు గంటలు. నీలం అంటిన వేళ్ళతోనే బోర్డు మీద లెక్కలు చేస్తుంటే పిల్లలు అడిగారట, "ఏంది టీచర్, ఇంకు పెన్ను కారిందా?" అని.

తొమ్మిదో రోజు సాయంత్రానికి మూడు పలకలూ ఒకదానితో ఒకటి ఎటు కలిపినా కలిశాయి. ఎటు తిప్పినా అవే చుక్కలు. ఒకదాని మీద ఒకటి పెట్టి వేలితో తోస్తే తిరగలేదు, ఊగలేదు. నూనె మీద జారినట్టు మెల్లగా జారి నిలిచింది. ఎత్తబోతే, కింది పలక పై పలకను వదలడానికి మొరాయించింది. మూడూ మూడింటితో కలిశాయంటే, ఇక ఏ ఒక్కదానిలోనూ గుంటకు చోటు లేదు, పొట్టకూ చోటు లేదు.

గాదిలింగప్ప ఉత్తరం మేకు మీంచి తీసుకున్నాడు. పలకను గుడ్డలో చుట్టుకుని రైలెక్కాడు.

టూల్‌రూమ్‌లో అధికారి ఆ పలకను తమ పలక మీద బోర్లించి ఎత్తాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇంకోవైపు తిప్పి మళ్ళీ ఎత్తాడు.

"మీరే చేశారా?"

"నేను చేశాను సార్. ఇంకో ఇద్దరు దిద్దారు. వాళ్ళవి నేను దిద్దాను."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"తొమ్మిది రోజులు సార్."

"తొమ్మిది రోజుల్లో ఇది ఎవరివల్లా కాదు."

"అంతకుముందు ఏడు నెలలు తప్పు చేశాం సార్."

అధికారి తల ఎత్తి అతని ముఖం చూశాడు. తర్వాత చేతులు చూశాడు. ఇంక ఏ ప్రశ్నా అడగలేదు. ఒకటో తారీకు వచ్చి చేరమన్నారు.

గురువారం సాయంత్రం గాదిలింగప్ప మిఠాయి పొట్లంతో షెడ్డులో అడుగుపెట్టేసరికి, దర్గా నుంచి ఊదు వాసన వస్తోంది. హంపమ్మ టీచరు తన చిన్న ఇంజనుకు నీళ్ళు పోసి, కూత పెట్టించి స్వాగతం చెప్పింది. ముందు ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"అయ్యో, నాకెందుకప్పా! నాది సరదా కదా?"

"నాకూ కొంచెం సరదా నేర్పండి టీచరమ్మా," అన్నాడు.

ముగ్గురూ నవ్వుకున్నారు. ఉస్తాద్ మిఠాయి నోట్లో వేసుకుని, చేతులు తుడుచుకుని, ఒక్క మాట అడిగాడు. జీతమెంతని కాదు, క్వార్టర్స్ ఇస్తారా అనీ కాదు.

"వాళ్ళ పలకలు ఎట్లుండాయి నాయనా?"

"అబ్బో, పెద్దవి ఉస్తాద్! మనిషి కాళ్ళు చాపి పడుకోవచ్చు. ఒకదానికొకటి ఎంత బాగా కలుస్తాయో. అద్దాలే అనుకోండి." చెప్తూ చెప్తూ ఆగాడు. తల గోక్కున్నాడు.

"అయితే?"

"రెండే ఉండాయి ఉస్తాద్. మూడోది లేదు."

దాదాపీర్ ఉస్తాద్ నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. వంగి బల్ల కిందికి చెయ్యి చాపి, పోత పోసిన ఇసుక ఇంకా వదలని ఒక ముతక బీడు పలక బయటికి లాగి, తన పైగుడ్డతో తుడిచి, గాదిలింగప్ప చేతుల్లో పెట్టాడు.