నూకాలమ్మ ఇంట్లో ఊరి గిన్నెలు

అనగనగా ఒక ఊళ్ళో, గాలి కూడా పక్కకు తిరిగి నడవవలసిన ఒక ఇల్లు ఉండేదట. ఆ ఊరి పేరు మొగలివలస. ఆ ఇల్లు పందిళ్ళ సత్తెయ్యది.

ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా పందిరి సత్తెయ్యే వేసేవాడు. రాటలు పాతి, వెదుళ్ళు కట్టి, పైన తాటాకు కప్పి, వందమంది కూర్చునే చోటును ఒక్క పూటలో సిద్ధం చేసేవాడు. అతని భార్య నూకాలమ్మ ఆ వందమందికీ అడ్డాకుల విస్తళ్ళు కుట్టేది. ఊరందరికీ చోటు చూపించే ఆ ఇద్దరికీ తమ ఇంట్లో కాళ్ళు చాపుకునే చోటు లేదు. వింతగా లేదూ, చిట్టితల్లీ?

ఎందుకు లేదంటే, గిన్నెల వల్ల. పెళ్ళి అయిన మర్నాడు పెళ్ళివారు వాళ్ళింటికి గిన్నెడు బూరెలో, తపేలాడు పులిహోరో పంపేవారు. తిన్నాక గిన్నె కడిగి ఊరికే ఇచ్చెయ్యకూడదు కదా. ఉత్త గిన్నె తిరిగి పంపడం మర్యాద కాదు. అందులో ఏదో ఒకటి వండి పెట్టి ఇవ్వాలి. నూకాలమ్మ మర్యాద తెలిసిన మనిషి. కాని వండే తీరిక ఆమెకు ఏదీ? ఒక పెళ్ళి ముగిసేలోగా ఇంకొక పెళ్ళికి పిలుపు వచ్చేది. రేపు వండుదాం, ఎల్లుండి ఇద్దాం అనుకుంటూ గిన్నెను గూట్లో పెట్టేది. అలా గూడు నిండింది. ఆ తర్వాత మంచం కింద నిండింది. ఆ తర్వాత మంచం మీద కూడా నిండి, మొగుడూ పెళ్ళామూ చాప మీదికి దిగారు.

వాళ్ళకు పైడితల్లి అని ఒక్కతే కూతురు. పక్క ఊళ్ళో కాపురం చేసుకుంటోంది. ఆమెకు తొలిసారి నెల తప్పింది. ఐదో నెలలో ఒకనాడు తల్లిదండ్రులను చూడవచ్చింది. లోపల చోటు లేక, ఉన్న ఆ ఒక్క పూటా గుమ్మంలోనే కూర్చుంది.

ఆ ఇంటి నడిమి దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. పైడితల్లి పసిదిగా ఉన్నప్పుడు ఆ కొక్కేనికే ఉయ్యాల కట్టి ఊపారు. గుమ్మంలోంచి ఆమె తలెత్తి దాన్ని చూసింది. దాని కింద తపేలాలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు ఆమె నెమ్మదిగా ఒక మాట అంది.

"అమ్మా, నువ్వు బాధపడకు. నేను మా అత్తగారింట్లోనే పురుడు పోసుకుంటాను. ఇక్కడ ఉయ్యాల ఊగదు."

మొదటి కాన్పుకు కూతురు పుట్టింటికి రాకపోతే ఏ తల్లి మనసు ఊరుకుంటుంది? శ్రావణమాసంలో వచ్చి తీసుకువెళ్తామని వియ్యాలవారికి మాట కూడా ఇచ్చి ఉన్నారు. శ్రావణానికి ఇక రెండు నెలలే ఉన్నాయి.

అప్పుడు సత్తెయ్య, ఈ పని నాకు వదిలెయ్యి అన్నాడు. గిన్నెలన్నీ మోసుకువచ్చి వీధి అరుగు మీద పేర్చాడు. ఇల్లు ఖాళీ అయింది. ఇద్దరూ లోపల నాలుగు అడుగులు నడిచి చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. చిన్న గిన్నె ఒక రాగం, పెద్ద తపేలా ఒక రాగం అందుకుంటే, వీధిలోవాళ్ళు మేళం ఎక్కడిదా అని బయటికి వచ్చారు. పరాయివాళ్ళ సొమ్ము వానలో నానుతుంటే నూకాలమ్మ ప్రాణం ఊరుకోలేదు. గిన్నెలన్నీ మళ్ళీ లోపలికి వచ్చాయి, కాకపోతే ఈసారి నీళ్ళతో సహా.

ఆ తర్వాత సత్తెయ్య బాగా ఆలోచించి, ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అటక కట్టాడు. చేయి తిరిగిన పనివాడు కదా, అటక ముచ్చటగా కుదిరింది. గిన్నెలన్నీ పైకి ఎక్కాయి. ఇంకా కాస్త చోటు మిగిలింది కూడా. ఆ సంగతి పక్కింటి సూరీడమ్మ చెవిని పడింది. మీ అటక ఖాళీగా ఉందట కదా వదినా, మా గంగాళం నాలుగు రోజులు ఉంచుకో అంటూ దొర్లించుకుంటూ తెచ్చేసింది. కాదనడానికి నూకాలమ్మకు నోరు రాలేదు. ఆ గంగాళంతో అటక నిండింది. ఆ పైన తలెత్తి చూస్తే కొక్కెం కనబడలేదు. అది అటక వెనక్కి వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, పందిరి బ్రహ్మాండంగా వేసి, పెళ్ళికొడుకు కూర్చునే చోటు మరిచిపోయినట్టుంది నీ పని," అంది నూకాలమ్మ. సత్తెయ్య తల గోక్కున్నాడు.

ఆ తర్వాత ఆషాఢమాసం వచ్చింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి నూకాలమ్మకు తీరిక దొరికింది. ఆమె పొద్దున్నే లేచి పరమాన్నం వండి, మూడు గిన్నెల్లో నింపి, మూడు ఇళ్ళకూ పంపింది. మూడు తగ్గాయి కదా అని సంతోషించింది. ఇంత కమ్మటి పరమాన్నం పెట్టినవాళ్ళకు మనం ఏమీ పెట్టకపోతే ఏం బాగుంటుంది అనుకుని, ఆ మూడు ఇళ్ళవాళ్ళూ మర్నాడు మూడు గిన్నెలతో గారెలు పంపారు. ఆ వాసన తగిలిన సూరీడమ్మ, మేము మాత్రం పరాయివాళ్ళమా అని ఒక గిన్నెడు ఆవకాయ పంపింది. మూడు వెళ్ళి నాలుగు వచ్చాయి.

అప్పుడు నూకాలమ్మ, కూతురు కూర్చున్న గుమ్మంలోనే వచ్చి కూలబడింది. చేతులు ఖాళీగా ఉండలేక ఒక విస్తరి కుట్టడం మొదలుపెట్టింది. ఆకు మీద ఆకు పెట్టి పుల్లతో గుచ్చుతూ గుచ్చుతూ మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఇన్ని వేల విస్తళ్ళు కుట్టానే, తిన్నవాళ్ళలో ఒక్కరైనా విస్తరి కడిగి తిరిగి తెచ్చి ఇచ్చారా అనుకుంది.

ఆమె లేచి భర్తను పిలిచి, రేపు మన వాకిట్లో పందిరి వెయ్యమంది. ఆషాఢంలో ఎవరి పెళ్ళి అని అతను తెల్లబోయాడు.

"పెళ్ళి కాదయ్యా. గిన్నెలకు అప్పగింతలు."

సత్తెయ్య గిన్నెలు కిందికి దించి, అటక విప్పి, ఆ వెదుళ్ళతోనే పందిరి వేశాడు. సూరీడమ్మ గంగాళంలోనే పులిహోర కలిపారు. ఊరంతా వచ్చింది. అందరూ వరుసగా విస్తళ్ళ ముందు కూర్చుని తిన్నారు. ఎప్పుడూ చివరన నిలబడి నాలుగు మెతుకులు తినే సత్తెయ్య, ఆ రోజు తన పందిట్లో తాను మొదటి వరుసలో కూర్చున్నాడు.

ఆ తర్వాత నూకాలమ్మ ఒక్కొక్క గిన్నె అంచు మీద చెక్కిన పేరు చదివించుకుంటూ, ఉత్త గిన్నె కాకుండా ప్రతిదానిలో గరిటెడు పులిహోర పెట్టి, ఎవరిది వారికి అప్పగించింది. సూరీడమ్మ తన పాత గిన్నె ఒకటి అందుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నట్టు నటించి, పిల్ల మీ ఇంట ఆరేళ్ళు పెరిగి కాస్త నల్లబడిందమ్మా అంది. పందిరంతా నవ్వింది.

అప్పుడు నూకాలమ్మ చేతులు జోడించింది. ఇకమీదట మా ఇంటికి ఏమి పెట్టాలన్నా ఆకుదొప్పలో పెట్టండి, దొప్పలు నేనే కుట్టి ఇస్తాను, తిన్నాక వాటిని ఆవుకు వేస్తాను అని చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. ఊరి మర్యాదను మార్చడమంటే చిన్న సంగతా? కొందరు మొహాలు చూసుకున్నారు. ఇదేం పద్ధతి వదినా అని సూరీడమ్మ అడిగేసింది.

"మా పైడితల్లి గుమ్మంలో కూర్చుని వెళ్ళిపోయింది, వదినా."

సూరీడమ్మ లేచి వెళ్ళి తన గంగాళాన్ని తానే దొర్లించుకుంటూ ఇంటికి పట్టుకుపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరుగా అందరూ తమ గిన్నెలు ఎత్తుకున్నారు.

సాయంత్రానికి ఒక్కటే మిగిలింది. అరచేతిలో ఇమిడేంత చిన్న గిన్నె, నల్లగా కిలుం పట్టి ఉంది. అది మాది అన్నవాళ్ళు లేరు. నూకాలమ్మ దాన్ని చింతపండుతో తోమింది. తోమగా తోమగా దానికి సన్నటి ముక్కు బయటపడింది. అంచు మీది అక్షరాలు చదివించుకుంటే అది తన పేరే. అది పైడితల్లి పుట్టినప్పుడు నూకాలమ్మకు తన తల్లి ఇచ్చిన ఉగ్గుగిన్నె. ఊరి గిన్నెల అడుగున ఎక్కడో పడి, ఇన్నాళ్ళూ కంటికి కనబడలేదు.

శ్రావణం రాగానే పైడితల్లి వచ్చింది. గుమ్మంలో ఆగి, ఇల్లు పెంచి కట్టావా నాన్నా అని అడిగింది. వీధి వాకిట్లోంచి వచ్చిన గాలి ఆమె పక్కనుంచే లోపలికి వెళ్ళి, ఎక్కడా ఆగకుండా పెరటి గుమ్మంలోంచి బయటికి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ కొక్కేనికి ఉయ్యాల కట్టారు. ఊరివాళ్ళు దొప్పల్లో మిఠాయిలు పట్టుకుని చూడవచ్చారు. ఉయ్యాలలోని పాప ఈ గోడ దగ్గరికీ ఆ గోడ దగ్గరికీ హాయిగా ఊగింది. ఊగి ఊగి ఆకలేసి ఏడిస్తే, నూకాలమ్మ ఒళ్ళో వేసుకుని ఆ ఉగ్గుగిన్నెతోనే ఉగ్గు పట్టింది.

కథేమో కంచికి చేరె,
గిన్నేమో ఇంటికి చేరె,
ఉయ్యాలకు చోటు దొరికె,
మా తల్లికి నిద్దర కుదిరె.