మాంత్రికుడి అరటిచెట్టు

అనగా అనగా, మీ తాతలకు తాతలు కూడా పుట్టకముందు, ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ కత్తి తిప్పితే చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి. చిన్నవాడు మణికేతుడు మాత్రం ఎప్పుడు చూసినా అమ్మ పెంచే అరటితోటలోనే ఉండేవాడు.

ఏడు సముద్రాల అవతల నిప్పుకొండ దీవి ఉంది. ఆ దీవి యువరాణి కువలయను కరాళుడనే మాంత్రికుడు చెరపట్టాడు. విడిపిస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాయైపోయాడు.

"అన్నలు లేకుండా నాకు ముద్ద దిగడం లేదమ్మా" అని మణికేతుడు తల్లికి దండం పెట్టి పడవెక్కాడు.

దీవిలో దిగగానే ఒక చిలుక కనిపించింది. మణికేతుడు మూటలోని అరటిపండు ఒలిచి దాని ముందు పెట్టాడు.

"నా పీక పట్టుకోనిది నువ్వొక్కడివే నాయనా!" అంది చిలుక. "మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంటుందని ఎవరు చెప్పారో గానీ, వచ్చినవాడల్లా నా మీదే పడుతున్నాడు. వాడి ప్రాణం అదిగో, ఆ రాతితొట్టిలోని అరటిచెట్టులో ఉంది. మీ అన్నలకూ చెప్పాను. నరికారు, లేచింది. మళ్లీ నరికారు, మళ్లీ లేచింది. మూడోసారి నరికేలోగా మాంత్రికుడు వచ్చేశాడు."

మణికేతుడికి నవ్వొచ్చింది. "గెల వేయని అరటిని నరికితే లేవకేం చేస్తుంది?" అన్నాడు.

నేరుగా మాంత్రికుడి దగ్గరకు వెళ్లి, "దొరా, నేను తోటమాలిని. మీ అరటి బక్కచిక్కిపోయింది. నాకప్పగిస్తే ఏపుగా పెంచుతాను" అన్నాడు.

మాంత్రికుడు జన్మలో ఒక్క గింజ నాటినవాడు కాడు. చెట్టు బలిస్తే తన ప్రాణమూ బలుస్తుందని తెగ మురిసిపోయాడు.

"పెంచరా! అది వాడిందో, నువ్వూ రాయివే!"

మణికేతుడు చెట్టును తొట్టిలోంచి తీసి కొండ కింద నల్లమట్టిలో నాటాడు. నిప్పుకొండ కక్కిన బూడిద ఏళ్ల తరబడి నాని మట్టైన నేల అది. భలే సారం! మాంత్రికుడి చెరలో చాకిరీ చేస్తున్న కువలయ నీళ్లు మోసింది, చిలుక పురుగులు ఏరింది. చెట్టు ఆకులు చాచింది, పువ్వు వేసింది, గెల దింపింది. కాయలు పండాక మొదటి పండు మాంత్రికుడే తిన్నాడు.

"అబ్బ, ఏం తీపిరా! ఈ చెట్టు మళ్లీ ఎప్పుడు కాస్తుంది?"

"అరటి ఒక్కసారే కాస్తుంది దొరా. గెల కోశాక చెట్టు కొట్టెయ్యడం మా తోటలో ఆనవాయితీ" అంటూ మణికేతుడు కత్తితో ఒక్క వేటు వేశాడు.

చెట్టు పడింది. ఈసారి లేవలేదు. మాంత్రికుడూ లేవలేదు.

రాళ్లు కదిలాయి, అన్నలు ఆవులించారు. మణికేతుడు ఇద్దరినీ కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఏడుపు తర్వాత గానీ తమ్ముడూ, ఆ పండ్లు ఇటివ్వు, ఆకలేస్తోంది" అన్నాడు పెద్దన్న.

మణికేతుడికీ కువలయకూ పెళ్లయింది. ఆ అరటి పిలకలు దీవంతా నాటుకుని, ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా చల్లగా ఏలారు. ప్రతి గెలలో మొదటి పండు చిలుకదే. దాని పీక మళ్లీ ఎవరూ పట్టుకోలేదు.