అసిరమ్మకు దొరికిన రాజు ముఖం

అనగనగా అంటున్నాను గానీ ఎప్పటి మాటో నాకూ తెలీదు, మా అవ్వకూ తెలీదు. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల్లో అసిరమ్మ అని ఒక ముసలామె ఉండేది. పొద్దున్న ఉప్పు గోకేది, మధ్యాహ్నం గోకేది, పొద్దుగూకేదాకా గోకేది. నా అన్నవాళ్లు లేరు. ఉప్పునీళ్లకి అరికాళ్లు పగిలి నెత్తురు కారేది. రెండు గేదెలుంటే పాలమ్ముకుని ఇంటిపట్టున కూర్చుంటాను గదా అనుకునేది. గేదెలు ఊరికే వస్తాయా?

ఒకనాడు మడిగట్టు తవ్వుతుంటే బంగారు నాణెం దొరికింది. దాని మీద పొడుగుముక్కు రాజు, తలకి ఆకుల దండ, చుట్టూ మనవి కాని అక్షరాలు. వెనకటికి రోమాపురి ఓడలవాళ్లు మిరియాలకిచ్చి పోయిన నాణెం అది. ఆ సంగతి ఆమెకేం తెలుసు.

కాళ్లీడ్చుకుంటూ కొట్టు షావుకారు దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఇది అసలుదేనా? రెండు గేదెలొస్తాయా?"

"మట్టి పట్టేసుంటే ఏటి కనపడతాది?" అని షావుకారు ఇటుకపొడి వేసి పరపరా తోమాడు. నాణెం మెరిసింది, అక్షరాలు అరిగాయి. "అసలుదేనే. కానీ నా మాటెవుడు నమ్ముతాడు? కంసాలికి సూపించు."

కాళ్లీడ్చుకుంటూ కంసాలి దగ్గరికి వెళ్లింది. ఆయన గీటురాయి మీద ఒకసారి గీశాడు, రెండోసారి గీశాడు, మూడోసారీ గీశాడు. అంచు అరిగింది. "అసలుదే మామ్మా. కానీ నా మాటెవుడు నమ్ముతాడు? పట్నంలో నాణేలు పరీక్షించే షరాబుకి సూపించు."

కాళ్లీడ్చుకుంటూ పట్నం వెళ్లింది. "లోపల రాగి ఉంటేనో?" అని షరాబు ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. రాజు ముఖం అడ్డంగా తెగింది. "అసలుదే. రేవులో కొంటారు, పో."

రేవులో ఓడ వర్తకుడు నాణేన్ని అటూ ఇటూ తిప్పి నిట్టూర్చాడు.

"అవ్వా, ఈ రాజు ముఖం కోసం మూడు రేవులు తిరిగాను. చెక్కుచెదరకుండా తెచ్చుంటే నాలుగు గేదెల వెల ఇచ్చేవాణ్ణి. ఇప్పుడిది ఉత్త బంగారం ముక్క. తూకానికే కొంటాను."

తూస్తే ఒక మేక వెల వచ్చింది.

"అయితే ఇది అసలుది కాదా బాబూ?"

"అసలుదే అవ్వా."

అసిరమ్మ నవ్వింది. ఏడవడానికి ఓపిక లేక నవ్వింది.

"అందరూ అసలుదే అన్నారు. అన్నోడల్లా కూసింత తీసేసినాడు."

మళ్లీ ఉప్పుమడికే వెళ్లింది. సంతరోజున మాత్రం కంసాలి వీధి మొదట్లో నిలబడేది. కొంగున ముడేసుకుని ఎవరైనా నాణెం తెస్తే ఆపేది.

"తోమనీకు. గియ్యనీకు. కొయ్యనీకు. ముందు తూయించు, ముఖం తెలిసినోడికి సూపించు. ఆ తరవాతే బేరం."

ఆ మాట విని బాగుపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమెకో గేదె కొనిచ్చినవాళ్లు లేరు. అసిరమ్మ ఉప్పుమడిలోనే పోయింది.

ఇప్పటికీ ఆ వీధిలో పాతనాణెం అమ్మవచ్చినవాళ్లకి ముందు పీట వేస్తారు. కాళ్లకి మంచినీళ్లిస్తారు. నాణెం అప్పటిదాకా వాళ్ల గుప్పిట్లోనే ఉండాలి. ఎందుకలాగ అంటే "అసిరమ్మ పీట" అంటారు.

ఆమె బతికున్నన్నాళ్లూ ఒక్కరూ కూర్చోమనలేదు.