మూగలోయలో పని ఉంది

కొండ్రవాగు అడవిలో ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, కుందేళ్ళు, ఉడుతలు, గిజిగాళ్ళు కలిసి బతికేవి. అడవికి పడమటి కొసన ఒక లోయ ఉండేది. మండుటెండల్లో కూడా అక్కడ మంచు విడిచేది కాదు. అందులోకి రాయి విసిరితే పడిన చప్పుడు వినిపించేది కాదు. అందుకే దాన్ని మూగలోయ అనేవారు. పిల్లలెవరూ అటు వెళ్ళేవారు కాదు. పెద్దవాళ్ళూ వెళ్ళేవారు కాదు, కాకపోతే భయమని ఒప్పుకునేవారు కాదు.

ఆ అడవి నిండా వెలగచెట్లే. అక్కడ ఒక ఆచారం ఉండేది. కాయలు కోసుకునేటప్పుడు ప్రతి కొమ్మకూ ఒక పండు వదిలెయ్యాలి. దాన్ని రేపటి పండు అంటారు. ఏ ఇంటివాళ్ళు వదిలితే ఆ ఇంటివాళ్ళు దాని పెంకు మీద తమ గుర్తు గీస్తారు. ముళ్ళపంది సూరమ్మ ఇంటి గుర్తు మూడు గాట్లు. ఎంత ఆకలేసినా రేపటి పండును ఎవరూ ముట్టుకోరు. వాగు పూర్తిగా ఎండిపోయిన రోజున మాత్రమే అందరూ కలిసి ఆ పళ్ళు దించి, సమానంగా పంచుకుంటారు.

రెండేళ్ళు వానలు సరిగ్గా పడలేదు. వాగు సన్నబడింది. వెలగచెట్లు కాపు తగ్గించాయి.

కాయలు తగ్గితే ఏమవుతుందో తెలుసా, పిల్లలూ? గిజిగాడు గడ్డితో బుట్టలు అల్లేవాడు. దాచుకోవడానికి కాయలే లేకపోతే బుట్టలెవరికి కావాలి? అల్లడం ఆపేశాడు. గిజిగాడికి గడ్డి కోసిచ్చే కుందేళ్ళు గడ్డి కొయ్యడం మానేశాయి. కాయలు కోసే ఉడుతలకీ పని లేదు. ఇలా ఒకరి పని ఆగేసరికి అందరి పనీ ఆగిపోయింది. పొద్దంతా అందరూ కాళ్ళు చాపుకుని వాగువైపు చూస్తూ కూర్చునేవారు.

ఒక ఉదయం మూగలోయ నుంచి గొంతు వినిపించింది.

"పని ఉంది... రండి... అందరికీ పని ఉంది..."

నెమ్మదైన గొంతు. ఎక్కడో అడుగు నుంచి వచ్చినట్టుంది. అందరూ ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

ఆ అడవికి పెద్ద ఎలుగుబంటి గంభీరయ్య. ఆయన డాబు ఇంతా అంతా కాదు! తన నీడను కూడా ఎవరూ తొక్కకూడదనేవాడు. ఆయనొక్కడే లోయ అంచు దాకా వెళ్ళి, ఛాతీ విరుచుకుని తిరిగి వచ్చాడు.

"నాతో మాట్లాడాడు. చాలా పెద్దాయన. గుంట తవ్వాలట. తవ్వినవాళ్ళకి సాయంత్రానికల్లా కూలి. కడుపునిండా పళ్ళు!" అన్నాడు.

"ఆయన ఎలా ఉంటాడు పెద్దయ్యా?" అని అడిగింది ఒక ఉడుత.

"మంచులో ఉన్నాడు, కనబడలేదు. పనిచ్చేవాడి మొహంతో నీకేం పనే?" అని కసురుకున్నాడు గంభీరయ్య.

అప్పుడు సూరమ్మ ముందుకు వచ్చింది. ఆ అడవిలో అందరికంటే పెద్దది ఆమే. అందరూ ఆమెను సూరమ్మత్తా అని పిలిచేవారు. ఆమె వీపు మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఆ గొంతు నాకు తెలుసయ్యా. అది కణుజు దుప్పి కోటయ్య గొంతు. నీకంటే ముందు ఈ అడవికి పెద్ద ఆయనే. నా చిన్నప్పుడు నీళ్ళు వెతుక్కుంటూ ఆ లోయలోకి దిగాడు. మళ్ళీ రాలేదు," అంది.

గంభీరయ్య పకపకా నవ్వాడు. "భలేదానివత్తా! లోకంలో ఒకలాంటి గొంతులు ఎన్ని ఉండవూ?"

సూరమ్మకు అంకాలు అని ఒక్కతే కూతురు. చూలాలు. ఆ పూట ఇంటికి వెళ్ళాక సూరమ్మ కూతుర్ని బతిమాలింది. "వద్దే తల్లీ. అక్కడికి వెళ్ళకే."

"వెళ్ళకపోతే ఏం తినమంటావమ్మా? ఇంట్లో ఏముందో చెప్పు," అంది అంకాలు.

ఇంట్లో ఏమీ లేదు. బిడ్డకు పెట్టడానికి ఏమీ లేని తల్లికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ పూట సూరమ్మకు తెలిసింది.

మర్నాటి నుంచి అందరూ మూగలోయ పనికి వెళ్ళారు. ఆ మంచులో పక్కవాడు పక్కవాడికి కనబడడు. ముందు మంచు, వెనక మంచు. ఎటు తవ్వుతున్నారో, ఎంత దూరం తవ్వారో ఎవరికీ తెలియదు. చెయ్యి ఆపితే చాలు, "ఇంకా... ఇంకా..." అని గొంతు వినిపించేది. మళ్ళీ తవ్వేవారు. సాయంత్రానికి లోయ అంచున ఒక చదునైన బండ మీద పళ్ళు పేర్చి ఉండేవి. ఎవరు పేర్చారో ఎవరూ అడగలేదు. కొరికి, గుజ్జు తిని, పెంకులు అక్కడే పారేసేవారు. అలిసిపోయినవాళ్ళకి పెంకు మీద ఏముందో చూసే ఓపిక ఎక్కడిది?

అడవిలో చప్పుళ్ళన్నీ పోయాయి. గిజిగాడి కిచకిచలు లేవు. గడ్డి కోస్తున్న సవ్వడి లేదు. ముక్కు అరిగేలా అల్లిన గిజిగాడు కూడా మట్టి మోస్తున్నాడు, పాపం! అంకాలు ఇంటికి వచ్చి తల్లితో ఒక్క మాటైనా మాట్లాడకుండా నిద్రపోయేది.

ఒక సాయంత్రం కుందేలు మల్లయ్య పని నుంచి తిరిగి రాలేదు. మల్లయ్య భార్య ఏడుస్తూ గంభీరయ్య దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయన వాణ్ణి లోపలి పనికి పెట్టుకున్నాడమ్మా. అదృష్టవంతుడు!" అన్నాడు గంభీరయ్య.

మర్నాడు ఉదయం లోయ మళ్ళీ పిలిచింది. "పని ఉంది... రండి..."

గొంతు మారింది. సన్నగా, కీచుగా ఉంది. సూరమ్మ గంభీరయ్యను నిలేసి, "విన్నావా? అది మల్లయ్య గొంతు కాదూ?" అంది.

"పెద్దాయనకి జలుబు చేసి ఉంటుంది," అన్నాడు గంభీరయ్య. అలా అన్నాడే కానీ, సూరమ్మ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం అంకాలు తన కూలి పండొకటి తల్లికి తెచ్చింది. "నువ్వూ తినవే అమ్మా, ఎన్నాళ్ళిలా పస్తుంటావు?" అంది. సూరమ్మ ఆ పండు అందుకుని ఇటూ అటూ తిప్పింది. పెంకు మీద మూడు గాట్లు ఉన్నాయి.

అది ఆమె స్వయంగా గీసిన గుర్తు.

సూరమ్మ పరుగెత్తుకుంటూ తన వెలగచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఒక్క కొమ్మకూ రేపటి పండు లేదు. పక్క చెట్టుకూ లేదు. ఆ పక్క చెట్టుకూ లేదు. అన్ని చెట్ల మానుల మీదా ఎలుగుబంటి గోళ్ళ గీతలు మాత్రం ఉన్నాయి.

ఆమె అక్కడితో ఆగలేదు. వెలుగుండగానే వాగు వెంబడి పడమటికి నడిచింది. ఒక మలుపులో ఆమెకు పెద్ద కాలువ కనబడింది. మూగలోయ మంచులోంచి పాములా వంకర తిరుగుతూ వచ్చి, వాగు పక్కనే ఆగింది. పొద్దంతా మంచు కమ్మి ఉండేది కాబట్టి, అది వాగు దాకా వచ్చిందని తవ్వినవాళ్ళకే తెలియలేదు. వాగుకూ కాలువకూ మధ్య జానెడు మట్టికట్ట మిగిలి ఉంది. అంతే.

సూరమ్మకు అంతా అర్థమైంది. రేపు ఆ జానెడూ తీసేస్తే వాగంతా మూగలోయలోకి పోతుంది. ఆ తర్వాత దాహమేసిన ప్రతివాడూ ఆ మంచులోకే దిగాలి. ఎవరూ ఈడ్చుకెళ్ళక్కర్లేదు. పిల్లాజెల్లాతో సహా తమ కాళ్ళతో తామే నడిచివెళ్తారు.

తెల్లవారి అందరూ కాలువ కొసకు పనికి వచ్చేసరికి సూరమ్మ ఆ జానెడు మట్టి మీద కూర్చుని ఉంది. ముళ్ళు విప్పుకుని ఉంది. ఆమె ముందు ఆ వెలగపండు ఉంది.

"మీరందరూ ఇన్నాళ్ళూ తిన్నది ఎవరి పళ్ళో చూసుకోండి. మన రేపటి పళ్ళు. గంభీరయ్యా, చెట్లెక్కి దించింది నువ్వేనా కాదా?"

అందరూ గంభీరయ్య వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనే దించాను. అయితే ఏంటత్తా? అంతటి పెద్దాయన మన ప్రాంతానికి పనులు తెస్తానంటే మనం ఏదో ఒకటి ముట్టజెప్పొద్దా? పళ్ళు నేను సమకూర్చాలి, పని ఆయనిస్తాడు. అదీ మాట. వాగు నీళ్ళతో గుంట నిండాక నన్ను రెండు అడవులకి పెద్దను చేస్తానన్నాడు."

అంకాలు చేతిలోని మట్టి కింద పడేసింది.

"తవ్వింది మా చేతులు. కూలికిచ్చింది మా పళ్ళు. పోయేది మా నీళ్ళు. మరి ఆయనిచ్చిందేంటి పెద్దయ్యా?"

అప్పుడు లోయలోంచి గొంతు వచ్చింది. ఇంతకు ముందెప్పుడూ అంత దగ్గరగా వినిపించలేదు.

"ఆ జానెడూ తియ్యండి... తియ్యండి... దాహంగా ఉంది..."

మల్లయ్య భార్య కెవ్వుమంది. "అయ్యో! నా మల్లయ్యే! నా మల్లయ్య గొంతే!" అని కూలబడిపోయింది. మంచులో ఒక్క క్షణం రెండు పసుపుపచ్చని కళ్ళు నేలకు దగ్గరగా కనబడ్డాయి. వాటి వెనక పొడవాటి వీపు కదిలింది. మొసలి! దానికి సొంత గొంతు లేదు. ఆఖరున ఎవరిని మింగితే వాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది.

అందరూ వెనక్కి తగ్గారు. గంభీరయ్య కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ అంతమంది చూస్తుండగా తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు.

"పిరికివాళ్ళు! మీకు మాట్లాడటం చేతకాదు. నేను వెళ్ళి మాట్లాడొస్తాను. నేనంటే ఆయనకి గౌరవం," అన్నాడు.

"వద్దు గంభీరయ్యా! నా మాట విను. తప్పయిపోయిందని ఒక్క మాట అను, అంతా మర్చిపోదాం," అని సూరమ్మ అడ్డం వెళ్ళింది.

ఆయన ఆమెను తోసుకుని ఛాతీ విరుచుకుంటూ మంచులోకి దిగాడు. ముందు కాళ్ళు కనబడకుండా పోయాయి. తర్వాత నడుము. తర్వాత తల. అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. అది మూగలోయ కదా, ఏ చప్పుడూ వినిపించలేదు. మధ్యాహ్నం దాకా చూశారు. ఆయన రాలేదు.

ఇక ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరూ తమంతట తామే మట్టి ఎత్తి కాలువ పూడ్చడం మొదలుపెట్టారు. తవ్వడానికి నెల పట్టింది. పూడ్చడానికి మూడు రోజులే పట్టింది.

కాలువ పూడింది సరే, మరి ఆకలి? రేపటి పళ్ళు కూడా లేవు. నాలుగో రోజు సూరమ్మ అందర్నీ వాగు ఒడ్డున కూర్చోబెట్టింది.

"తవ్వడం మనకి వచ్చు. ఎవరి కోసమో నెల రోజులు తవ్వాం. మన కోసం పది రోజులు తవ్వలేమా? తినే గడ్డలు ఏ నేలలో ఊరతాయో నాకు తెలుసు. నేను చూపిస్తాను, మీరు తవ్వండి," అంది.

వాగు పొడవునా చిన్న చిన్న గుంటలు తవ్వారు. పారిపోయే నీళ్ళు వాటిలో నిలిచాయి. గుంటల పక్క నేల మెత్తబడింది. అక్కడ తవ్వితే గడ్డలు దొరికాయి. ఆ గడ్డల ముక్కలే మళ్ళీ నాటారు. తడినేలలో గడ్డి మొలిచింది. గడ్డి మొలిస్తే కుందేళ్ళకి కోత పని వచ్చింది. గడ్డి వస్తే గిజిగాడికి బుట్టల పని వచ్చింది. బుట్టలు వస్తే గడ్డలు మోసి దాచడానికి ఉడుతలు కావలసివచ్చాయి. మల్లయ్య భార్య బుట్టలు ఎవరికెన్ని కావాలో కనుక్కుని పంచే పని తీసుకుంది. ఒక్క రోజులో కడుపులు నిండలేదు, మీకు అబద్ధం చెప్పను. మొదటి నెలంతా అరకడుపే. కానీ ఆ అరకడుపు అందరికీ సమానంగా దొరికింది. సూరమ్మ ఇంట్లో అంకాలుకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ బతికారు.

తొలకరికి గుంటలన్నీ నిండాయి. వెలగచెట్లు మళ్ళీ కాశాయి. కొమ్మకొకటి చొప్పున రేపటి పళ్ళు వదిలారు. గంభీరయ్య ఇంటి చెట్టుకు గుర్తు గీసేవాళ్ళు లేరు. సూరమ్మే వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ, అక్కడ ఆయన గోటి గుర్తులాంటిది గీసి వచ్చింది.

మరుసటి ఎండాకాలం ఒక ఉదయం, అందరూ గుంటల్లో పూడిక తీస్తున్నారు. గిజిగాడు పాడుతూ అల్లుతున్నాడు. అప్పుడు పడమటి నుంచి గొంతు వినిపించింది.

"పని ఉంది... రండి... అందరికీ పని ఉంది..."

బరువైన గొంతు. డాబైన గొంతు. అది గంభీరయ్య గొంతు.

గిజిగాడి పాట ఆగిపోయింది. ఉడుతలు బుట్టలు దించాయి. అంకాలు పిల్లలిద్దరూ వచ్చి తల్లి కాళ్ళ మధ్య దూరారు. "రండి... రండి..." అని గొంతు బతిమాలుతూనే ఉంది.

అంకాలు కాసేపు ఆ మంచువైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాకిక్కడ పనుంది పెద్దయ్యా," అని చెప్పి, మళ్ళీ వంగి మట్టి ఎత్తసాగింది.

కాసేపటికి గిజిగాడు కూడా పాట అందుకున్నాడు.

నీతి: ఎవరో వచ్చి పని చూపిస్తారని మన నీళ్ళూ, మన రేపూ వాళ్ళ చేతిలో పెడితే చివరికి మన గొంతు కూడా మనకు మిగలదు. ఉన్న ఊళ్ళో, ఉన్న నేలతో, తెలిసిన పనితో ఒకరికొకరు పని కల్పించుకుంటే ఎవరి ఇంటా ఆకలి నిలవదు.