మద్దిలేటి కడశీలలు

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం నన్ను అడగొద్దండి. మా తాతను నేనూ అడిగినా, ఆయన కసిరినాడు. కొండలు ఇంకొంచెం ఎత్తుగా ఉన్న రోజులనుకోండి, సరిపోతుంది. మోటార్లు లేవు, బస్సులు లేవు. బండి అంటే ఎద్దుల బండే. నేను చెప్తా ఉంటే మీరు ఊఁ కొట్టాల. ఊఁ ఆగిందంటే కథా ఆగుతుంది, తరువాత గడ్డం పట్టుకున్నా లాభం లేదు.

అదిగో, అందరూ కూర్చున్నాక ఇప్పుడొచ్చింది కొండమ్మ! సందు చూసుకొని కూర్చో తల్లీ, మొదలుపెట్టేసినా.

గుండ్లకనుమ అని ఒక కనుమ ఉండేది. రెండు కొండల నడుమ ఒకటే దారి. సముద్రం దిక్కు నుంచి ఉప్పు బండ్లు ఆ దారినే వచ్చేవి, ఇటు నుంచి జొన్న బండ్లు ఆ దారినే పోయేవి. దారి నెత్తిన ఒక రాతి చావిడి. చావిడిలో సుంకరి గుర్రప్ప. ఊఁ అనండి.

ఆ సీమ ఏలే పాలెగాడు ఒక కట్టుబాటు పెట్టినాడు. ఏటా రథసప్తమి లోపల ప్రతి బండీ చావిడికి రావాల. కాడిమాను మీద కాల్చిన ఇనుముతో ముద్ర వేయించుకోవాల. ముద్ర లేని బండి దారిన తిరగకూడదు. గడువు దాటితే దినానికి కుంచెడు జొన్నలు తప్పు కట్టాల. అక్కడికక్కడ కట్టలేనోని బండికి రెండు కడశీలలూ పీకి చావిడి గోడకు తగిలించేవాళ్ళు. కడశీల అంటే మీకేం తెలుసులే! చక్రం ఊడిపోకుండా ఇరుసు కొనకు దిగ్గొట్టే ఇనప మేకు. అది లేకుంటే నాలుగు బారలు పోకముందే చక్రం ఒక దిక్కు, బండి ఒక దిక్కు.

ఇప్పుడు మీరే చెప్పండి. బండి తోలితేనే జొన్నలు. జొన్నలు కడితేనే కడశీల. కడశీల ఉంటేనే బండి. నాలుగు బండ్లున్న షావుకారు నవ్వుతా కట్టి పోయేవాడు. ఒక్క జత ఎద్దులతో బతికేవాడు ఆ చావిడి ముందరే కూలబడేవాడు. వాడు కూర్చున్న కొద్దీ దినానికి ఇంకో కుంచం. ఏ మహానుభావుని బుర్రలో పుట్టిందో గానీ, వాని బుర్రకు దండం పెట్టాల.

గుర్రప్ప చెడ్డోడు కాదు. లంచం ముట్టడు. అబద్ధమాడడు. షావుకారుకైనా పేదోనికైనా ఒకటే మాట. అయితే ఆయనకొక అలవాటు. తల వంచుకొని, ఒళ్ళో పుస్తకం పెట్టుకొని, మూడే మూడు మాటలు అడుగుతాడు. పేరు? ఊరు? ఎన్ని దినాలు? నాలుగో మాట ఎవరినీ అడిగి ఎరగడు.

ఆ ఏడు రథసప్తమి పోయిన మూడో నాడు, మిట్టమధ్యాహ్నం, చావిడి ముందర ఒక ఉప్పు బండి ఆగింది. గుర్రప్ప తలెత్తలేదు.

"పేరు?"

"మద్దిలేటి, సామీ."

"ఊరు?"

"జిల్లేళ్ళపల్లె, సామీ."

"ఎన్ని దినాలు?"

"మూడు దినాలు, సామీ."

అంతే. ఆ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు, ఇంకో మాట అడుగుతాడేమోనని. తల వంచుకున్న గుర్రప్పకు ఆయన పాదాలు కనబడుతున్నాయి. దుమ్ము కొట్టుకొని మడమలు పగిలిన పాదాలు. ఒక పాదం ముందుకు పడింది. మళ్ళీ వెనక్కి పోయింది.

"మూడు కుంచాలు. తెచ్చినావా?"

"ఉప్పు దించితేనే జొన్నలు, సామీ. దించేసి వచ్చి..."

"తెచ్చినాక మాట్లాడు."

కడశీలలు రెండూ పీకించి గోడకు తగిలించినాడు. అప్పటికే ఆ గోడకు ఇరవై దాకా వేలాడుతున్నాయి.

మనిషి ఏం చేస్తాడు? బండి మీద ఉప్పు, ఇంటికాడ పెండ్లాం, ఇద్దరు బిడ్డలు. మద్దిలేటి ఒక తుమ్మకొమ్మ నరికి, దాన్ని చెక్కి రెండు కొయ్య మేకులు చేసుకున్నాడు. చెక్కుతున్న చప్పుడు గుర్రప్ప చెవిన పడింది గానీ, ఏందని చూడలేదు. తెల్లారకముందే మద్దిలేటి ఆ కొయ్య మేకులు ఇరుసుకు కొట్టి, అవతలి దిగుడులోకి బండి తోలినాడు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు కాడ కొయ్య విరిగింది. చక్రం ఊడింది. బండీ, ఉప్పూ, మద్దిలేటీ లోయలో పడిపోయినారు.

ఎద్దులు మాత్రం పలుపులు తెంచుకొని బయటపడినాయి. పడినవి ఇంటి దారి పట్టలేదు. నేరుగా చావిడికి వచ్చి, గుర్రప్ప ముందర నిలబడినాయి. ఒకటి కర్రెద్దు. ఒకటి తెల్లెద్దు. గుర్రప్ప వాటిని పెరట్లో కట్టించినాడు. బండి తప్పు ఎద్దుల మీద ఉంటుందని కట్టుబాటు. చనిపోయినోని ముఖం గుర్తు చేసుకుందామని చూసినాడు. గుర్తురాలేదు. చూసి ఉంటే కదా!

నాలుగు దినాలకు మద్దిలేటి పెండ్లాం ఈరమ్మ వచ్చింది.

"సామీ, మా ఇంటాయన పోయినాడు. బండీ పోయింది. ఆ ఎద్దులొక్కటే మిగిలినాయి. వాటిని ఇస్తే ఎవరి చేలోనైనా దున్ని నా బిడ్డల్ని సాక్కుంటా."

"ఏడు కుంచాలమ్మా. మూడు దినాలు చూస్తా. కట్టకుంటే మూడో నాడు పొద్దు గుంకేలోగా ఎద్దులు పాలెగాని దొడ్డికి పోతాయి. నా చేతిలో ఏం లేదు."

ఆ మాట చెప్పేటప్పుడూ తల వంచుకునే ఉన్నాడు. ఈరమ్మ బతిమాలలేదు, ఏడవలేదు. పోయి ఎద్దుల పక్కన కూర్చుంది.

మొదటి నాడు. మిట్టమధ్యాహ్నం. నీడలన్నీ కాళ్ళ కిందికి ముడుచుకునే వేళ. గాలి లేదు, పక్షి లేదు. దారి మీద బండి చప్పుడు వినబడింది. కిర్రు, కిర్రు, టక్. కిర్రు, కిర్రు, టక్. ఒక చక్రం వదులై ఊగుతున్న చప్పుడు. వచ్చి చావిడి ముందర ఆగింది. గోడకు వేలాడే కడశీలలు గల్లుమన్నాయి.

గుర్రప్ప అలవాటు ప్రకారం అడిగినాడు. "పేరు?"

"మద్దిలేటి, సామీ."

తలెత్తి చూస్తే బండి లేదు, మనిషి లేడు. ఎండ ఒక్కటే ఉంది. గుర్రప్ప ఎండదెబ్బ తగిలిందేమోలే అనుకొని కడవెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాడు. ముందర పెట్టుకున్న సంగటి ముద్ద అట్లనే ఉండిపోయింది.

రెండో నాడు. మిట్టమధ్యాహ్నం. ఈసారి గుర్రప్ప తల వంచలేదు. రెప్ప వేయకుండా దారి వైపే చూస్తా కూర్చున్నాడు. కిర్రు, కిర్రు, టక్. చప్పుడు వచ్చింది, బండి రాలేదు. దారి దుమ్ములో రెండు చక్రాల గాళ్ళు వాటంతటవే పడుతా వచ్చినాయి. ఒకటి తిన్నగా ఉంది. ఒకటి వంకర టింకరగా ఉంది. పెరట్లో ఎద్దులు రెండూ లేచినాయి. గుంజ కాడి నుంచే మెడలు వంచినాయి, ఎవరో కాడి ఎత్తుతా ఉన్నట్టు. గోడ మీద కడశీలలు మళ్ళీ గల్లుమన్నాయి.

గుర్రప్ప అడగదలుచుకోలేదు. నోరు దానంతటదే అడిగింది. "ఊరు?"

"జిల్లేళ్ళపల్లె, సామీ."

గొంతు రెండు బారల దూరంలో ఉంది. అక్కడ దుమ్ములో రెండు పాదాల గుర్తులు పడినాయి. ఒకటి ముందుకు. ఒకటి వెనక్కి.

గుర్రప్ప పడుతూ లేస్తూ పెరట్లోకి పరుగెత్తినాడు. "ఏమ్మా, నీకేమైనా కనబడిందా?"

"నాకు కనబడలేదు, సామీ," అంది ఈరమ్మ, తెల్లెద్దు మెడ నిమురుతా. "వీటికి కనబడింది."

ఏం, భయమేసిందా? దగ్గరికి జరగండి అయితే. ఊఁ కొట్టడం మాత్రం మానొద్దు.

మూడో నాడు. పొద్దున్నే పాలెగాని దొడ్డికి కబురు పోయింది, ఎద్దుల కోసం మనుషులు బయలుదేరినారు. వాళ్ళు వచ్చేలోపల మిట్టమధ్యాహ్నమైంది. కిర్రు, కిర్రు, టక్. ఏ వస్తువుకూ నీడ లేని ఆ వేళ, చావిడి గడప మీద ఒక బండి నీడ పడింది. పొడుగాటి నీడ. గడప దాటింది. నేల మీద పాకింది. గుర్రప్ప కూర్చున్న చాప దాకా వచ్చి ఆగింది.

"ఎన్ని దినాలు?" అన్నాడు గుర్రప్ప.

"మూడు దినాలు, సామీ."

పోతుందనుకున్నాడు. పోలేదు. నీడ అక్కడే నిలబడింది. గోడకున్న కడశీలలన్నీ ఊగుతున్నాయి, ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. గుర్రప్ప చెవులు మూసుకున్నాడు.

"ఏం కావాల నీకు? మూడు మాటలూ అడిగినా కదా! ఇంకేం కావాల?"

గడప అవతల నుంచి ఈరమ్మ పలికింది.

"ఆయన అడగంది చెప్పే మనిషి కాదు, సామీ. బతికినన్నాళ్ళూ అంతే. ఎందుకు ఆలస్యమైందో అడగండి. ఆ ఒక్క మాటే మీరు అడగలేదు."

గుర్రప్ప ఇరవై ఏండ్లుగా ఆ నోటితో ఆ మాట అనలేదు. ఆఖరికి ధైర్యం కూడగట్టుకొని అడిగినాడు.

"ఎందుకు ఆలస్యమైంది, మద్దిలేటీ?"

కడశీలలు ఊగడం ఆపినాయి.

"తెల్లెద్దు కుంటింది, సామీ. గిట్టలో ముల్లు దిగింది. ముల్లు తీసి, ఆకు పసరు కట్టి, అది నడిచేదాకా చెట్టు కింద కూర్చున్నా. కుంటే ఎద్దును కొట్టి తోలడానికి చెయ్యి రాలేదు, సామీ."

"అంతేనా?"

"అంతే, సామీ."

ఏ శాపమో పెడతాడనుకున్నాడు గుర్రప్ప. ఏ ఘోరమో బయటపడుతుందనుకున్నాడు. ఇంత చిన్న మాటా! పెరటి దిక్కు చూసినాడు. తెల్లెద్దు ముందరి కాలు ఒకటి నేలకు ఆనించకుండా నిలబడింది. వారం దినాలుగా ఆయన పెరట్లో, ఆయన కళ్ళ ముందరే, అట్లనే నిలబడింది. గుర్రప్ప నెత్తి కొట్టుకొని ఏడ్చినాడు. ఒక మనిషి ప్రాణం పోయింది, తాను తలెత్తి ఒక్క మాట అడగనందుకు. ఆ సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది.

లేచి గోడ మీద నుంచి మద్దిలేటి కడశీలలు రెండూ దించినాడు. అవి మంచులో పెట్టినట్టు చల్లగా ఉన్నాయి. నీడ పక్కనే నడుచుకుంటా బయటికి వచ్చినాడు. గాళ్ళు ఎక్కడ ఆగినాయో అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కంటికి ఏమీ కనబడలేదు. చెయ్యి చాచితే మాత్రం గరుకు కొయ్య తగిలింది. కందెన జిడ్డు వేళ్ళకు అంటింది. ఇరుసు కొన దొరికింది. దాంట్లో చిల్లి దొరికింది. గుర్రప్ప కడశీలను ఆ చిల్లిలో పెట్టి రాయితో కొట్టినాడు. ఇనుము దిగిన చప్పుడు కొండంతా వినబడింది. అటు పక్కకు పోయి రెండోది కూడా కొట్టినాడు. ఆయన చేతులు ఖాళీ అయినాయి, కడశీలలు కింద ఎక్కడా పడలేదు.

"పోయిరా, నాయనా," అన్నాడు.

బండి కదిలింది. కిర్రు, కిర్రు, కిర్రు. టక్ అన్న చప్పుడు లేదు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు కాడికి వచ్చింది. చప్పుడు ఆగలేదు. మలుపు తిరిగి, దిగుడు దిగి, దూరంగా దూరంగా పోయి, జిల్లేళ్ళపల్లె దిక్కున కలిసిపోయింది.

తరువాత లోయలో దిగి చూసిన వాళ్ళు చెప్పినారు. విరిగిపోయిన బండి ఇరుసుకు రెండు ఇనప కడశీలలు బిగించి ఉన్నాయంట. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఇష్టం.

ఎద్దుల కోసం వచ్చిన పాలెగాని మనుషుల్ని గుర్రప్ప ఉత్తచేతులతో తిప్పి పంపినాడు. ఈరమ్మ ఎద్దుల్ని తోలుకొని ఇంటికి పోయింది. గోడ మీది కడశీలలన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేసి, గుర్రప్ప పాలెగాని కాడికి పోయినాడు. జరిగిందంతా చెప్పినాడు. పాలెగాడు పడీ పడీ నవ్వినాడు.

"దొరా, నవ్వేది తరువాత నవ్వండి. ఒక్క మిట్టమధ్యాహ్నం వచ్చి నా చావిడిలో కూర్చోండి," అన్నాడు గుర్రప్ప.

పాలెగాడు వచ్చి కూర్చున్నాడు. ఏం విన్నాడో, ఏం చూసినాడో ఎవరికీ తెలియదు. సాయంత్రానికల్లా దండోరా వేయించినాడు. ఒక్క జత ఎద్దులున్న బండికి, ఎన్ని దినాలు దాటినా, కుంచెడుకు మించి తప్పు లేదు. అది కూడా పంటలొచ్చినాక కట్టొచ్చు. ఎవరి బండికీ కడశీల పీకకూడదు. మొదట ఎందుకు ఆలస్యమైందని అడగాల, తలెత్తి అడగాల. ఆ తరువాతే ముద్ర, ఆ తరువాతే తప్పు.

ఇప్పుడా కనుమలో తారు రోడ్డు పడింది. చావిడి కూలిపోయి ఒక్క గోడ మిగిలింది. అయినా ఆటోలోళ్ళు, ట్రాక్టరోళ్ళు మూడో మలుపు కాడ నిదానంగా పోతారు, ఒక తుమ్మపుల్ల తీసి లోయలోకి వేస్తారు. మిట్టమధ్యాహ్నం పోయేవాళ్ళు హారను కొట్టరు, ఎదురుగా బండి వస్తా ఉందేమోనని ఒక పక్కకు తీస్తారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే మొదట తిట్టరు. "తెల్లెద్దు కుంటిందా?" అంటారు. తరతరాలుగా ఎద్దు మొహం చూడని ఇండ్లలో కూడా అదే అంటారు. అని, వాళ్ళు చెప్పేదాకా ఆగుతారు.

ఏమ్మా కొండమ్మా, ఇందాక నువ్వొస్తానే నేను కసిరినా. అడగనే లేదు. ముసలిదాన్ని, నాకూ బుద్ధి లేకపోయింది.

తెల్లెద్దు కుంటిందా, తల్లీ? చెప్పు. వింటాం.