గరగ ఎత్తుకున్న మాంత్రికుడు

ఎప్పుడని అడక్కండి పిల్లలూ, మా తాతకి వాళ్ళ తాత చెప్పిన కాలంలో పసుపుకోన అనే రాజ్యాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ తరవాత చాన్నాళ్ళకి పుట్టిన చిట్టి కూతురు చేమంతి.

ఆ ఊరి దేవత పొద్దులమ్మ. ఏటా జాతరకి ఆవిడ గరగై ఊరంతా తిరిగేది. గరగంటే పాముపడగ పెట్టి రంగులద్దిన ఇత్తడి బిందె. దాన్ని తలకెత్తుకున్నవాడు డప్పు మోతకి చిందులేస్తూ ఇంటింటికీ వస్తాడు. ఇంటివాళ్ళు వాడి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు. ఒక్కసారి ఆ నీళ్ళు పడ్డాయా, ఇక గుళ్ళో తప్ప ఎక్కడా గరగ దించకూడదు. ఎత్తుకున్నవాడు ఎవడైనా సరే, దించేదాకా వాడే అమ్మవారు.

ఒక ఏడు సరిగ్గా జాతర ముందు గరగ మాయమైంది. మర్నాడు ఊళ్ళో పిల్లలెవరూ నిద్ర లేవలేదు. చేమంతీ లేవలేదు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం తెరవదు. రాణి ఎంత పిలిచినా పలకదు.

"ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు గుగ్గిలాక్షుడి పని ఇది. గరగ వచ్చి గుమ్మం తొక్కితేనే పిల్లలు లేస్తారు" అన్నాడు పూజారి.

పెద్ద రాకుమారుడు గుర్రమెక్కి వెళ్ళాడు. మొదటి సముద్రం చూశాడు, నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తిరిగొచ్చాడు. రెండోవాడు పడవెక్కి మూడో సముద్రం దాకా వెళ్ళాడు. అక్కడ చేపల పులుసు బాగుందని ఉండిపోయాడు. ఇక మిగిలింది మూడోవాడు నాగదత్తుడు. చేమంతిని భుజాన ఎక్కించుకుని జాతరలో రంగులరాట్నం దగ్గరికి తీసుకెళ్ళేది అతనే. రాణి అతని ఉత్తరీయం కొంగున మూడు ముద్దల చలిమిడి, ఒక పసుపు కొమ్ము కట్టింది.

సముద్రపు ఒడ్డున ముసలి తాబేలొకటి నీరసంగా పడి ఉంది. నాగదత్తుడు దానికొక ముద్ద పెట్టాడు. "పుట్టింటి సారెలా ఉంది నాయనా! ఎక్కు నా వీపు" అంది తాబేలు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది. పాలరంగు సముద్రం, గంధంరంగు సముద్రం, రంగే లేని సముద్రం. నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశమెక్కడ మొదలైందో తెలియకుండా ఏడూ దాటేసింది.

అవతలి దీవిలో ఒక అమ్మాయి తప్పేలాలు తోముతోంది. పేరు పగడాలు, పడవవాడి కూతురు. మాంత్రికుడు ఎత్తుకొచ్చి వంటకి పెట్టుకున్నాడు. నాగదత్తుడు రెండో ముద్ద ఆమెకిచ్చాడు. తిని కళ్ళు తుడుచుకుని, వచ్చిన పని విని, అతన్ని ఒక చిలక పంజరం దగ్గరికి తీసుకెళ్ళింది.

"వాడి ప్రాణం ఈ చిలకలోనే ఉంది. మీ పిల్లల కలలు గింజలై ఇక్కడ రాలతాయి. చిలక తింటే వాడికి ఆయుష్షు" అంది.

మూడో ముద్ద చిలక తింది. "గింజల కంటే ఇదే నయం" అంది. "ఇదిగో, ఈ గింజలో ఒక పాప రాట్నం మీద తిరుగుతూ 'అన్నా' అని పిలుస్తోంది. ఆ పాపది ఇదే ఆఖరి గింజ. ఇదీ తింటే మరి లేవదు."

నాగదత్తుడు ఆ గింజకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా మెడ నులిమెయ్. వాడు చస్తాడు" అంది చిలక.

"మరి నువ్వో?"

"నేనూ పోతాను. గరగ దాచిన చోటూ వాడితోనే పోతుంది."

"అయితే వద్దు. వాడి సంగతి ఇంకేమైనా చెప్పు."

"నీవల్ల కాదంటే మాత్రం వాడు ఊరుకోలేడు" అంది చిలక.

నాగదత్తుడు పసుపు కొమ్ము అరగదీసి చెంబునీళ్ళలో కలిపి, మాంత్రికుడి ముందుకి వెళ్ళాడు.

"అయ్యా, గరగ దొంగిలించారట గానీ, ఎత్తుకోవడం మీవల్ల కాదట. మా ఊళ్ళో అందరూ నవ్వుకుంటున్నారు."

"నావల్ల కాదా? నాకా చెబుతున్నావ్!" అని గుగ్గిలాక్షుడు చిటికేసి గరగ రప్పించి తలకెత్తుకున్నాడు. వెంటనే పగడాలు తప్పేలా బోర్లించి గరిటెతో డప్పు దరువేసింది. వాడి కాళ్ళు వాటంతటవే చిందేశాయి. నాగదత్తుడు వంగి ఆ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశాడు.

"ఒరేయ్, దించరా!"

"దించే చోటు మా గుళ్ళో ఉందండీ."

మంత్రం వేద్దామంటే రెండు చేతులూ గరగకే సరిపోయాయి. అలా నాగదత్తుడూ పగడాలూ, గింజ ముక్కున కరుచుకున్న చిలకా వెంట రాగా, తాబేలు వీపు మీద చిందులేస్తూ ఏడు సముద్రాలూ దాటాడు. మూడో సముద్రం దగ్గర పులుసు రాకుమారుడూ వచ్చి ఎక్కాడు.

ఊళ్ళో ఇంటింటికీ గరగ తిరిగింది. ఒక్కో గుమ్మం ముందు ఒక్కో బిడ్డ లేచింది. చివరికి కోటకి వచ్చింది. రాణి చెంబుతో బయటికొచ్చింది. తన బిడ్డని నిద్రపుచ్చిన దొంగ కాళ్ళవి, ఆమెకి తెలుసు. చెంబు వంచబోయి ఆగింది. తల మీద గరగ చూసింది.

"చాలా దూరం నడిచావు తల్లీ" అని ఆ కాళ్ళు మెల్లగా కడిగింది.

గుగ్గిలాక్షుడు గట్టిగా ఏడ్చేశాడు. పుట్టాక వాడి కాళ్ళు ఎవరూ కడగలేదు మరి.

చిలక ఎగిరి వెళ్ళి ఆఖరి గింజ చేమంతి అరచేతిలో పెట్టింది. పాప కళ్ళు తెరిచి, "అన్నా, రాట్నం ఆపేశావేం?" అంది. నాగదత్తుడు ఏడుస్తూ నవ్వాడు.

ఆ జాతరలోనే నాగదత్తుడికీ పగడాలుకీ పెళ్ళైంది. వాళ్ళు చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. చిలకకి రోజూ చలిమిడే. గుగ్గిలాక్షుడు మాత్రం ఏటా గరగ తనకే ఇవ్వాలని పూజారితో పేచీ పడేవాడు. రాజుగారి గుమ్మం ముందుకొచ్చేసరికి వాడి నడక నెమ్మదించేది, ముసలి రాణి చెంబు పట్టుకుని వస్తుందని.